కందకం మీద గీసిన దారి

ముందే ఒప్పుకుంటాను. ఏనుగులు ఊళ్ళోకి రాకుండా తవ్విన కందకాన్ని నేను మట్టిరోడ్డు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది. దాని మీద వేలితో గీత గీసి, ఆ గీతకు రూటు అని పెద్ద పేరు పెట్టి, నా భార్య తమ్ముణ్ణి అందులో సైకిల్ తొక్కడానికి పంపించాను. మనుషులు ఒకరినొకరు గోతిలోకి దించుతారని వింటూంటాం గానీ, ఇంత అక్షరాలా దించినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ చేస్తాను. తయారై వచ్చిన ముక్కను గేజీ కింద పెట్టి, వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా పక్కన పడేయడం నా పని. అలాంటి కళ్ళకు తొమ్మిదడుగుల లోతు గొయ్యి ఆనలేదు. అదీ నా నాణ్యత.

బామ్మర్దిది పలమనేరు. మూడేళ్ళ కిందట ఇక్కడ ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చి, మత్తిగిరిలో మా ఇంటికి రెండు వీధుల అవతల దిగాడు. వస్తూ వస్తూ ఒక సైకిల్ తెచ్చుకున్నాడు. పొట్టేలు కొమ్ముల్లాంటి హ్యాండిలు, లావు టైర్లు. తారు మీదా పోతుంది, కంకర మీదా పోతుంది. దాన్ని గ్రావెల్ బైక్ అనాలట. వాణ్ణి చూసి నేనూ ఒకటి కొన్నాను. రెండు వారాల్లోనే నా నడుము కూడా కంకర అయింది.

ప్రతి ఆదివారం ఇద్దరం కలిసే బయల్దేరేవాళ్ళం. కలిసి వెళ్ళింది మాత్రం ఎప్పుడూ లేదు. వాడు ముందు వెళ్ళిపోయి, ప్రతి మలుపులోనూ ఒక కాలు నేల మీద ఆనించి, అరటిపండు ఒలుచుకుంటూ నాకోసం ఆగేవాడు. నేను రొప్పుకుంటూ చేరేసరికి వాడి పండూ అయిపోయేది, అలసటా తీరిపోయేది. నా కాలు నేలకు తగలకముందే, ఎంతో ప్రేమగా, "పోదామా బావా?" అనేవాడు. విశ్రాంతి వాడికి, మర్యాద నాకు. మూడేళ్ళుగా ఆ మాట విన్నాను. సైకిల్ తొక్కేవాళ్ళలో ముందుండేవాడికి ఇది ఎప్పటికీ అర్థం కాదు, వెనకుండేవాడికి చెప్పనక్కర్లేదు.

దానికి తోడు ఇంకొకటి. దోవలో ఎక్కడైనా చీలిక వస్తే వాడు ఆగి అడిగేవాడు.

"బావా, ఈ దారి యాడికి పోతుంది?"

"తెలీదప్పా."

"మీరు పుట్టింది ఈడే కదా బావా?"

పుట్టింది ఇక్కడే. అయితే ఫ్యాక్టరీ బస్సు పోయే దారి తప్ప నాకు ఇంకోటి తెలియదు. తళి వైపు గానీ, అంచెట్టి వైపు గానీ, కర్ణాటక పొలిమేర వైపు గానీ ఒక్క కాలిబాట కూడా నా బుర్రలో లేదు. అందుకని ఒక పౌరుషం పుట్టింది: వీడికి తెలియని దారి నేను చూపించాలి.

దారి వెతకడానికి నేను బయటికి వెళ్ళలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది. సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని, ఫోన్లో ఆకాశం నుంచి తీసిన ఫోటోలు పెద్దవి చేసుకుంటూ వెతికాను. ఒక పక్క ముదురాకుపచ్చ అడవి, ఒక పక్క లేతాకుపచ్చ రాగి చేలు. రెండింటి మధ్య, గుడ్డకు కుట్టు వేసినట్టు, సన్నగా, తిన్నగా ఒక గోధుమరంగు గీత. కిలోమీటర్ల కొద్దీ ఉంది. అడవి లోపలికి పోదు కాబట్టి అటవీశాఖ వాళ్ళ అడ్డూ ఉండదు. ఒకచోట ఆ గీతను అడ్డంగా తెంపుతూ చిన్న మట్టి మచ్చ కనబడింది. వంతెన, అనుకున్నాను. గీత పొడవునా ఒక వైపు నల్లటి నీడ. చెట్ల నీడ, అనుకున్నాను. చెట్లే లేని చోట నీడ ఎక్కడిదని అడగవలసిన ఉద్యోగం నాదే.

శనివారం రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది.

"ఆ పక్క ఎవర్నైనా అడిగినారా?"

"ఫోన్లో ఉందిలే."

"ఫోను ఆడ పుట్టిందా?" అని, నా పళ్ళెంలో ఇంకో ముద్ద పెట్టి, "వాన్ని మళ్ళీ పిల్చుకోని వచ్చే పూచీ మీది," అంది. ఒక్కడే తమ్ముడు. నవ్వుతూనే అంది గానీ, మర్నాడు పొద్దున ఆ మాట నా చెవిలో నవ్వకుండా వినబడింది.

సైకిళ్ళు వాడి కారు మీద కట్టుకుని, తళి దాటి, జవళగిరి వైపు ఒక ఊరి మొదట్లో దిగాం. అప్పుడే తెల్లవారుతోంది. రాగులు కోతకు వచ్చిన నెల, మంచు నేలబారుగా ఉంది. అక్కడ ఒక టీ కొట్టు ఉందని, ఐదింటికే తెరుస్తారని బామ్మర్ది ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. తలుపు మూసి ఉంది. వీధిలో ఒక్క మనిషి లేడు, ఒక్క కుక్క మొరగలేదు.

"ఆదివారం కదా," అన్నాను.

రైతుల ఊరికి ఆదివారమేమిటో. అప్పుడు తోచలేదు.

ఊరు దాటగానే దారి చేల మధ్యకు దిగింది. కంకర టైరు కింద పటపటమంటోంది. కుడివైపు గులాబీలు పెంచే ప్లాస్టిక్ పందిరి మంచులో ఓడలా కనబడింది. బామ్మర్ది మొదటి మలుపులో ఆగి ఉన్నాడు. "పోదామా బావా?" రెండో మలుపులోనూ అంతే. ఏడో మలుపు దాటగానే నా వెనక టైరులో ముల్లు దిగి, గాలి బుస్సుమంది.

వాడు వెనక్కి వచ్చి చూశాడు. "పంచరు ఏసేదా నేను?"

"నాకొచ్చులే. నువ్వు పోతా ఉండు. ఆ వంతెన కాడ నిలబడుకో."

"రూటు నా ఫోన్లో ఉంది బావా. వంతెన కాడ లేకపోతే, దాటి ముందర ఉంటా."

వాణ్ణి పంపించింది నేనే. వాడు ఆగుతానన్నా వద్దన్నాను. నేను టైరుతో పడే అవస్థ వాడు చూడకూడదని.

ట్యూబు మార్చి, గాలి కొట్టి, అదీ పోతే మళ్ళీ మార్చేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. తలెత్తితే నేను కూర్చున్నది ఒక మంచె కింద. రాగి చేను గట్టున, నాలుగు యూకలిప్టస్ గుంజల మీద కట్టిన మంచె. పైనుంచి గొంతు వచ్చింది.

"ఎవురప్పా అది?"

దుప్పటి కప్పుకున్న ముసలాయన వంగి చూస్తున్నాడు. చేలోంచి ఆయన భార్య వచ్చింది. అరవై దాటి ఉంటాయి, చేతిలో నూనె డబ్బా, దాన్ని కొట్టే కర్ర. రాత్రంతా కొట్టినట్టుంది, డబ్బా అడుగు సొట్టలు పడి ఉంది.

"యాడికప్పా, ఇంత పొద్దున?" అంది ఆమె.

"సైకిల్ తొక్కేదానికి వచ్చినామమ్మా. మా బామ్మర్ది ముందర పోయినాడు."

"ముందరంటే యాడికి? ఆ పక్క దారి ల్యాదే."

"అడివి పక్కన మట్టిరోడ్డు ఉంది కదమ్మా, నేరుగా..."

ఆమె అడ్డంగా తల ఊపింది. "అది రోడ్డు కాదప్పా. కాలవ. దేవర్లు రాకుండా తవ్విన కాలవ."

ఆ చేల దగ్గర ఏనుగు అనే మాట ఎవరూ నోటితో అనరు. దేవరు అంటారు. ఆ మాత్రం ఈ ప్రాంతంలో పుట్టిన నాకు తెలుసు. నాకు తెలియంది కాలవ సంగతే. ఫోన్ తీసి చూపించాను. ఆమె కళ్ళు చికిలించి, నా గీత వెంట వేలు నడిపి, మట్టి మచ్చ దగ్గర ఆపింది.

"ఈడ నిలబడుకో అని చెప్పినావా?"

"వంతెన కదమ్మా."

"వంతెన యాడిది? కట్టని వంతెన. తవ్విన నెలకే దేవర్లు గట్టును కాళ్ళతో తోసి తోసి పూడ్చుకున్నారు. దిగేదీ ఆడే, ఎక్కేదీ ఆడే."

అప్పుడు తూర్పున రెండు టపాకాయలు పేలాయి. పైన ముసలాయన లేచి నిలబడ్డాడు.

"తిప్పినారు," అన్నాడు. "మన పక్కకే తిప్పినారు. ఐదు. పిల్లది ఉంది."

విషయం నాకు ఒక్కసారిగా, ఒక్క వరసలో అర్థమైంది. రాత్రి అడవిలోంచి వచ్చి చేలు మేసిన మందను, వెలుగు రాగానే కాపలావాళ్ళు వెనక్కి తోలుతున్నారు; ఊళ్ళో ఎవరూ లేనిదీ అందుకే. మంద తన వాకిలి గుండా అడవికి పోతుంది. ఆ వాకిట్లో నా భార్య తమ్ముణ్ణి నిలబెట్టి వచ్చాను.

ఫోన్ చేశాను. మోగే బదులు, కర్ణాటకకు స్వాగతం అని సందేశం వచ్చింది. మళ్ళీ చేస్తే మీరు పిలిచిన వ్యక్తి అందుబాటులో లేరని కన్నడంలో చెప్పింది. మెడలో విజిల్ ఉంది. నోట్లో పెట్టుకోబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఊదొద్దు. సద్దు వింటే నిలిచిపోతారు. ఆడ నిలిచినారంటే ఇంక పోరు."

నూనె డబ్బా కింద పెట్టి, ఆమె చకచకా మంచె దగ్గరికి నడిచి, నిచ్చెన పట్టుకుని ఊపింది.

"ఏం చేస్తా ఉండావే?" అన్నాడు ముసలాయన.

"నిచ్చెన కావల్ల."

"నేనెట్ల దిగేది?"

"దిగొద్దు."

అప్పుడైనా నాకు బుర్ర వెలగలేదు. "నిచ్చెన ఎందుకమ్మా?" అన్నాను.

"రోడ్డని చెప్పినావు కదా. రోడ్డనే దిగుంటాడు," అంది.

నిచ్చెన ముందు చివర ఆమె, వెనక చివర నేను. చేల మధ్య గెనిమ మీద పరుగెత్తాం. ఆ గట్టు రెండు పాదాలంత వెడల్పు. నా సైకిల్ బూట్లకు అడుగున ఇనప కొక్కేలు; పెడల్‌కు అతుక్కోవడానికి బాగుంటాయి, భూమికి అతుక్కోవు. రెండుసార్లు చేలో పడ్డాను. ఆమె వెనక్కి చూడలేదు, నిచ్చెన ఆపలేదు. మూడోసారి బూట్లు విప్పేసి మేజోళ్ళతో పరుగెత్తాను. నా వెనక ముసలాయన గొంతు సన్నబడుతూ వినబడింది: "బీడీలు కింద పెట్టినా కదే!"

కందకం దగ్గరికి వెళ్ళేదాకా కనబడదు. ఉన్నట్టుండి కాళ్ళ ముందు నేల ఆగిపోతుంది. నిలువుగా చెక్కిన ఎర్రమట్టి గోడలు, కింద ఒక బండి పట్టేంత వెడల్పు. మట్టి మచ్చ అని నేను చూసింది ఒక జారుడు: ఈ గట్టు నుంచి కిందికి, కింద నుంచి అడవి గట్టు పైకి. దాని మీద పళ్ళాలంత గుండ్రటి అడుగులు. వాటి మీదుగా, తాజాగా, నాకు బాగా తెలిసిన టైరు గుర్తు. జారుడు దిగి, ఎడమకు తిరిగి, కందకం అడుగున తిన్నగా పోయింది. నా గీత ఎలా చెప్పిందో అలాగే. ఎంత నమ్మకస్తుడో.

తవ్విన మట్టి పోసిన కట్ట మీద వంగి నడిచాం. నూటాయాభై అడుగుల దూరంలో కనబడ్డాడు. ముందు నీళ్ళు నిలిచి ఉంటే వెనక్కి తిరిగాడట, సైకిల్ నడిపించుకుంటూ జారుడు వైపే వస్తున్నాడు. నన్ను చూసి ముఖం విప్పారింది.

"బావా! బ్రహ్మాండమైన రూటు!" అన్నాడు. మూడేళ్ళలో మొదటి మెప్పు. "ఎండ కూడా తగల్దు. మీరూ దిగండి!"

అరవకూడదు. నోటి మీద వేలు పెట్టాను. నవ్వాడు. మోచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, చెయ్యి కిందికి వేలాడేసి ఊపాను. నా జీవితంలో అంత బాగా నటించింది ఎప్పుడూ లేదు. వాడి నవ్వు సగంలో ఆగింది. ఆమె అప్పటికే నిచ్చెన దించింది. జానెడు తక్కువైంది. నేను బోర్లా పడుకుని పై మెట్టు రెండు చేతులా పట్టుకున్నాను.

"ఎక్కు," అన్నాను గుసగుసగా.

"సైకిల్."

"వదిలెయ్యప్పా!"

"సైకిల్ ఫస్టు బావా."

వాడు దాన్ని భుజాన వేసుకుని మూడు మెట్లు ఎక్కి పైకి ఎత్తాడు. తిట్టడానికి కూడా గొంతు పెంచకూడదు. ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో ఆ కొమ్ముల హ్యాండిలు. ఆమె వచ్చి చక్రం పట్టి లాగింది. అప్పుడు వినబడింది. రాగి దంట్లు విరుగుతున్న చప్పుడు. పెద్దదేం కాదు. ఎవరో తీరిగ్గా అప్పడాలు నములుతున్నట్టు.

వాడు పైకి వచ్చి నా పక్కన పడ్డాడు. ముగ్గురం కట్ట వెనక నేలకు అతుక్కున్నాం.

మంచులోంచి ముందు ఒక చెవి కనబడింది, తర్వాత మిగతా మందంతా. ఐదు. ముందు నడిచే ఆడ ఏనుగు జారుడు అంచున ఆగి, ముందు కాలితో మట్టి తట్టి చూసింది. నేను ఫ్యాక్టరీలో ఒక్క ముక్కనూ అంత శ్రద్ధగా చూడలేదు. తర్వాత తొండం ఎత్తి, మా వైపు తిప్పింది.

ముసలామె ముక్కు ఎగబీల్చి, బామ్మర్ది వైపు చూసింది. "నీ జేబులో ఏముంది?"

వాడి పెదవులు మాత్రమే కదిలాయి. "అరటిపండ్లు."

"ఎన్ని?"

"మూడు."

ఆమె కళ్ళు మూసుకుంది. మూసుకునే వాడి వీపు జేబులోంచి మూడూ లాగి, మట్టిలో పెట్టి, మడమతో తొక్కి, పైన ఇంకా మట్టి లాగింది. ఇదంతా పడుకునే. అలాంటి పని నేర్పే ఫ్యాక్టరీ నాకు తెలిసి లేదు.

తొండం దిగింది. పెద్దది జారుడు దిగి అడవి గట్టు ఎక్కింది. వెనక ఇంకొకటి, ఇంకొకటి. తల్లి దిగింది. పిల్లది దిగుతూ జారి, కూలబడి, లేచింది. లేచి అడవి వైపు కాకుండా కందకంలో ఎడమకు, మా వైపు తిరిగింది. టైరు గుర్తును తొండం కొసతో తాకుతూ, ఆ గీత వెంటే వచ్చింది. నా రూటును నమ్మినవాళ్ళు ఆ పూట ఇద్దరయ్యారు.

నిచ్చెన ఇంకా కిందే ఉంది. పైకి లాగితే చప్పుడు, వదిలితే చప్పుడు. నా వేళ్ళు పై మెట్టు మీదే బిగుసుకుపోయాయి. పిల్లది వచ్చి కింది మెట్టును తొండంతో చుట్టి లాగింది. నేను పట్టుకునే ఉన్నాను. అదీ లాగుతూనే ఉంది. నా ఇంటి తనిఖీ అధికారి అడిగిన పూచీ గుర్తొచ్చింది. ఏనుగు పిల్లతో లాగుడు పోటీకి మా ఆవిడ పూచీ అడగలేదు. వదిలేశాను. నిచ్చెన గోడకు గీసుకుంటూ కింద పడింది.

తల్లి వెనక్కి తిరిగి, కడుపులోంచి ఒక గుర్రుమనే శబ్దం చేసింది. ఆ శబ్దం చెవికి కాదు, పొట్ట కింద ఉన్న మట్టికి వినబడింది.

అదే క్షణంలో నా పక్కన ఖాళీ అయింది. బామ్మర్ది లేచాడు, సైకిల్ ఎక్కాడు, గెనిమ మీద పడ్డాడు. నేను రెండుసార్లు పడిన ఆ గట్టు మీద వాడు ఒక్కసారి కూడా తడబడలేదు. చక్రం టిక్‌టిక్‌మంటూ మంచులోకి పోయింది. ఈసారి ఏ మలుపులోనూ ఆగలేదు. పోదామా అని అడగలేదు.

తల్లి వచ్చింది. మా కింద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడింది. నిచ్చెన మీద కాలు పడి వెదురు ఫటేలుమంది. తలెత్తితే మేము కనబడతాం. నాకు దాని నుదుటి మీద మట్టి, వెంట్రుకలు, ఒక కనురెప్ప కనబడుతున్నాయి. నా మెడ మీద ముసలామె చెయ్యి పడి, ముఖాన్ని మట్టిలోకి నొక్కింది. మట్టి నోట్లోకి పోయింది. ఆమె గొంతు, ఊపిరి కంటే కొంచెం గట్టిగా:

"పో తల్లీ. పిల్లని పిల్చుకోని పో."

మా ఆవిడ అన్న మాటే.

ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. తర్వాత అడుగుల చప్పుడు కాదు, అడుగులు లేకపోవడం తెలిసింది. అవతలి గట్టు మీద పొదలు ఊగి, ఆగాయి. ఆమె నా మెడ వదిలి, లేచి కూర్చుని, చీర కొంగుతో ముఖం తుడుచుకుని, బామ్మర్ది పోయిన దిక్కు చూసింది.

"మీ బామ్మర్ది బాగా తొక్కుతాడప్పా," అంది.

మంచె దగ్గర ముసలాయన కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. నిచ్చెన ఏదని అడిగాడు. రెండు ముక్కలైందని చెప్పింది ఆమె. "నేనెట్ల దిగేది?" అన్నాడు మళ్ళీ. నా భుజాల మీదుగా దిగాడు. దిగుతూ నా తల మీద ఒక కాలు కూడా పెట్టాడు. కాదనే హక్కు నాకు లేదు. దిగినాక ఆయన ముందు బీడీలు వెతుక్కున్నాడు.

బామ్మర్ది మూసిన టీ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు, సున్నం కొట్టినట్టు. నన్ను చూసి రెండడుగులు వేసి ఆగాడు.

"సాయానికి ఎవర్నైనా పిల్చుకోని వద్దామని వచ్చినా బావా."

"ఎవర్ని పిల్చినావు?"

"ఎవురూ కనబడలేదు."

నాకు కోపం రావలసింది. గీసింది నేనని గుర్తొచ్చి రాలేదు. ఇద్దరం కారులో ఇంటికి వచ్చాం. పూచీ చెల్లించాను. మేజోళ్ళు చూసి మా ఆవిడ ఏమైందని అడిగింది. ముల్లు, అన్నాను.

వాడు నాకంటే తొందరగా కోలుకున్నాడు. మేము తొక్కిందంతా ఫోన్లో ఒక యాప్ రాసుకుంటుంది. ఎవరు ఏ దారిలో వేగంగా పోయారో చూసి, మొదటివాడి పేరు పక్కన కిరీటం పెడుతుంది. కందకం నుంచి ఊరి దాకా ఉన్న ఆ గెనిమ గట్టును బామ్మర్ది ఒక పందెం దారిగా అందులో నమోదు చేశాడు. పేరు: బావ చూపిన దారి. కిరీటం: వాడిదే. ఎందుకు అంత వేగం వచ్చిందో ఎక్కడా రాయలేదు. ఇంట్లో కథ మాత్రం చెప్పాడు. అందులో నేను మేజోళ్ళతో ఏనుగు నటన చేస్తాను, వాడు సాయం కోసం పరుగెత్తుతాడు. మా ఆవిడ పడీ పడీ నవ్వి, తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేనూ నవ్వేవాణ్ణే. కానీ ఆ వారం బెంగళూరు నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు ఆ పేరు కింద రాశారు: రూటు పంపండి, ఈ ఆదివారం కిరీటం మేము లాక్కుంటాం. అది చదివినప్పుడు నా నోట్లో మళ్ళీ మట్టి రుచి తగిలింది. నా మెడ నొక్కడానికి ఆమె చెయ్యి ఉంది. వాళ్ళ మెడల మీద ఎవరి చెయ్యి ఉంటుంది? ఆ రోజే నా గీత చెరిపేశాను. ఆ కుర్రవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు రాశాను. పందెం దారి ప్రమాదకరమని యాప్ వాళ్ళకు ఫిర్యాదు పెట్టాను. శుక్రవారానికి దారీ లేదు, కిరీటమూ లేదు.

ఫోన్ మోగింది. "బావా, నా కిరీటం యాడికి పోయింది?"

"ఆ దారి సొంతదార్లు ఒప్పుకోలేదప్పా."

"ఎవురు?"

"ఐదుగురు. ఒకరు చిన్నపిల్ల."

 వాడు చిన్నగా, "నిచ్చెన విరిగింది కదా బావా, వాళ్ళకు," అన్నాడు. వాడు చెడ్డవాడు కాడు. వేగంగా తొక్కుతాడు, అంతే.

ఆ ఆదివారం దేంకణికోటలో వెదురు నిచ్చెన ఒకటి చేయించి కారు మీద కట్టాం. సైకిల్ ఒక్కదానికే చోటు మిగిలింది. బావ కదా, నాదే పెట్టాం. ఎండెక్కి పది గంటలైనాక వెళ్ళాం. టీ కొట్టు తెరిచి ఉంది. ఈసారి అడిగాను. దేవర్లు అంచెట్టి వైపు దిగిపోయారని, భయం లేదని కొట్టాయన చెప్పాడు. ఇంకా ఏమేమి అడగాలో అన్నీ అడిగాను. బామ్మర్ది అప్పుడు కారు మీద ముడులు విప్పుతున్నాడు.

నిచ్చెన వాడి భుజాన, నేను సైకిల్ మీద. కంకర దారిలో మెల్లగా తొక్కుకుంటూ మొదటి మలుపు దగ్గరికి వెళ్ళి, ఒక కాలు నేల మీద ఆనించి, నీళ్ళు తాగుతూ నిలబడ్డాను. మూడేళ్ళలో మొదటిసారి మలుపు అవతలి నుంచి చూస్తున్నాను. బాగుంది. చేలు కోసేశారు, దూరంగా కొండలు కనబడుతున్నాయి. వాడు చెమట కారుస్తూ వచ్చి, భుజం మార్చుకుని, నిచ్చెన కొస నేలకు ఆనించబోయాడు.

"పోదామా బామ్మర్దీ?" అన్నాను, ఎంతో ప్రేమగా.

ఆ దారిలో మంచె దాకా ఏడు మలుపులు. టీ కొట్టు వెనక నుంచి పోతే రెండే మలుపులట, పది నిమిషాల నడకట. కొట్టాయన నాకు చెప్పాడు. నేను వాడికి చెప్పలేదు.